నిజం గుమ్మడికాయ

1

మీరు నిజం గుమ్మడికాయ కొట్టించారు, మేడమ్. తప్పు అక్కడ జరిగింది. మిగతాదంతా దాని వెనకాల వచ్చింది.

స్పాంజి గుమ్మడికాయ తయారుగానే ఉంది. దానికి రంగు వేసింది నేనే. రంగులు వెయ్యడం నా డ్యూటీ కాదు. ఆర్ట్ వాళ్ళకి చేతులు చాలక పిలిస్తే వెళ్ళాను, ఆకుపచ్చ చారలు కూడా దిద్ది ఇచ్చాను. మీరు దాన్ని వేలితో నొక్కి చూసి, "ఇది గుమ్మడికాయలా లేదు, దిండులా ఉంది" అన్నారు. నిజమే, దిండులాగే ఉంది. కానీ దిండు చిరిగితే ఎవరి పనీ పోదు.

ఇది లైటింగ్ వాళ్ళ డ్యూటీ లాగ్. రాసేది నూకరత్నం, లైటింగ్‌లో ట్రైనీ. ఏ లైటు ఎక్కడ పెట్టామో, ఏ తెర ఎప్పుడు లాగామో రోజూ రాస్తాం. ఒక కాపీ డైరెక్టరు గదికి పోతుంది. మీరు ఎన్నడూ చదవలేదని నాకు తెలుసు. పోయిన నెల ఒకరోజు "ఈ పూట సూర్యుణ్ణి ఉప్పూ కారం వేసుకుని తినేశాం" అని రాసి పంపాను. మీరేమీ అడగలేదు. ఈసారి మాత్రం చదవండి. చాలా ఉంది.

2

మీకు తెలిసిందే అయినా మొదట్నుంచీ రాస్తాను. రేపు ఎవరైనా ఈ లాగ్ చూస్తే వాళ్ళకీ అర్థం కావాలి.

వెన్నెలపేట అని ఈ చోటుకి పేరు పెట్టింది కింద భూమ్మీద ఉన్నవాళ్ళు. అక్కణ్ణుంచి చూస్తే చంద్రుడి మీద ఎటు చూసినా వెన్నెలే అనిపిస్తుంది కాబోలు. ఇక్కడున్నవి దుమ్ము, గాజు కప్పు వేసిన ఒక పెద్ద షూటింగ్ ఫ్లోరు, ఒక క్యాంటీను, దాని పక్కన కూరగాయల మడి. ఇంకా రెండేసి వారాలు కదలకుండా నిలబడే ఎండ. ఆ ఎండ కోసమే కంపెనీ మనల్ని ఇంత దూరం తెచ్చింది.

సినిమాలు ఇప్పుడు అడిగితే వస్తాయి. పళ్ళు తోముకుంటూ గోడకి చెప్తే మొహం కడుక్కునేలోపు సినిమా సిద్ధం. అందుకే ఎవరూ ఏదీ చివరిదాకా చూడరు. జనం ఇంకా కూర్చుని చూసేది ఒక్క రకం సినిమానే: వెనకటి మనుషులు ఒక సినిమా తీయడానికి ఎన్ని అవస్థలు పడ్డారో చూపించేది. అలాంటిది మాత్రం యంత్రం తీస్తే కుదరదు. చేనేత చీర మీద గుర్తు ఉన్నట్టు దాని మీద "చేత్తో తీసినది" అనే ముద్ర ఉండాలి. మన సినిమా అలాంటిదే. ఎప్పుడో భూమ్మీద ఒక ఏటి ఒడ్డున "పుట్టి మునగలేదు" అనే సినిమా తీశారు. అది ఎలా తీశారో మనం తీస్తున్నాం.

ఈ మేకింగ్ సినిమాలు నేను చాలా చూశాను. నాకు లైటింగు ఏ బడీ నేర్పలేదు. కింద మా పేటలో కరెంటుకి రేషను ఉండేది. ఒక్క బల్బుకి స్టీలు పళ్ళేలు అడ్డం పెట్టి ఇల్లంతా వెలిగించేదాన్ని. నా బడి అదే. ఇంకేమైనా తెలుస్తుందేమోనని ఈ సినిమాలు వరసపెట్టి చూశాను. అన్నిటిలోనూ డైరెక్టరు ఆకాశం వైపు చూస్తాడు. నిర్మాత తల పట్టుకుంటాడు. హీరోయిన్ గొడుగు కింద అలుగుతుంది. లైటింగ్ వాళ్ళు వెనకాల నిలబడి టీ తాగుతారు. ఒక్కదాంట్లోనూ ఒక్కడూ లైటు ముట్టుకోడు. ఆ పాత సినిమాలు మరి వాటంతట అవే వెలిగాయా? మన దాంట్లో కూడా మొదటి రోజు నాకో వేషం ఇచ్చి మీరు చెప్పిన మాట గుర్తుందా? "నువ్వు వెనక నిలబడి టీ తాగు, సహజంగా ఉంటుంది" అన్నారు. నాకు టీ అంటే పడదు, మేడమ్. అయినా తాగాను. పదకొండు టేకులు. సహజంగా ఉందట.

3

గుమ్మడికాయ సీను.

సినిమాలో అది ఆఖరి సీను. ఏటి ఒడ్డున షూటింగ్ పూర్తయ్యాక ఆ పాత యూనిట్ హారతిచ్చి గుమ్మడికాయ కొడుతుంది. మనం దాన్ని మధ్యలోనే తీశాం. కారణం హీరో గారి డేట్లు కావు, గుమ్మడికాయ డేట్లు. మడిలో ఒకే ఒక్క కాయ పండింది, ఆగితే కుళ్ళిపోతుంది. స్పాంజిది వద్దని మీరే పట్టుబట్టారు. క్యాంటీన్ భీమశంకరం గారు దాన్ని కొడుకుని బడికి పంపుతున్నంత దిగులుగా ఎత్తుకొచ్చారు. పూజారి వేషం కూడా ఆయనకే ఇచ్చారు.

"మంత్రం వచ్చా మీకు?" అని మీరు అడిగారు.

"ఆయ్, మా తాతగారు కోటిపల్లిలో పురోహితులండి. నాకు సగం వచ్చండి. మిగతా సగం గొణిగేస్తానండి."

"గొణగండి. అదే బాగుంటుంది."

నిజం కర్పూరం వెలిగించారు. నిజం కుంకుమ పోశారు. పాత డైరెక్టరు వేషంలో ఉన్న హీరో గారు కాయని రెండు చేతులా ఎత్తి నేలకేసి కొట్టారు.

ఆ తరవాత జరిగింది ఎవరమూ అనుకోనిది. ఇక్కడ బరువు తక్కువన్న సంగతి మనకి తెలియనిది కాదు. ప్రతి షాట్‌కీ పంచె అంచుల్లో సీసం గుళ్ళు కుడతాం, పడాల్సిన వస్తువుకి నల్ల దారం కట్టి కిందికి లాగుతాం. కానీ పగిలిన గుమ్మడికాయకి దారం ఎక్కడని కడతాం? ముక్కలు నేలకి తగిలి లేచాయి. తొందరేమీ లేనట్టు పైకి, హీరో గారి తల దాటి పైకి పోయాయి. గింజలు ఇంకా పైకి పోయాయి. కుంకుమ ఎర్రటి మబ్బులా నిలబడిపోయింది. నేను తెర తాడు పట్టుకుని ఉన్నాను, వదిలెయ్యడం కూడా మర్చిపోయాను. అన్నీ మెల్లిగా తిరిగి దిగుతుంటే ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, అందరం కొట్టాం. మీరు కెమెరా వెనక కళ్ళు తుడుచుకున్నారు. "ఓకే" అనలేదు, "కట్" కూడా అనలేదు. ఏమీ అనకుండా మీ గదికి వెళ్ళిపోయారు.

అప్పుడు గోడ మాట్లాడింది.

"గుమ్మడికాయ కొట్టారు. షూటింగ్ ముగిసింది. అందరికీ అభినందనలు. సామాను సర్దుకోగలరు."

4

గోడ అంటే మేనేజరు గారు. మనిషి కాదు, కంపెనీ యంత్రం. దానికి ఎవరో పెద్దమనిషి మర్యాద నేర్పాడు. "గారు" అనకపోతే పలకదు.

మొదట అందరం నవ్వాం. మా లైటింగ్ పెద్ద దాలినాయుడు మావ ఒక్కడే నవ్వలేదు.

"ఏటి మావా, అలగున్నావు?"

"ఒలే నూకా, ఇది నవ్వే సంగతి కాదే. ఆ రూలు మనోలే ఎట్టించారు."

"మనోలా?"

"మరేటి? ఎనకటికి షూటింగు అయిపోనాదని సెప్పి పంపించీసి, మల్లీ పిలిసీవోరు. పేచ్ వర్కంట, అతుకుల పనంట. ఇంకో రెండ్రోజులు, ఇంకో నాల్రోజులు. దానికి అంతే నేదు. అందుకని మన సంఘం పోట్లాడి ఒప్పందంలో రాయించినాది: గుమ్మడికాయ కొట్టేక ఏ పనోడూ లైటెత్తడు, ఎత్తమని ఎవడూ అడగడు. మా అయ్య ఆ సమ్మెలో ఉన్నాడే. తేదీ కాదు, కాయితం కాదు, కాయ. కాయ పగిల్తే పనైపోనట్టే."

"మరి పగిలింది సినిమాలో కాయి గదా? మన కాయి కాదు గదా?"

"అది ఆ గోడకి సెప్పు."

గోడకి చెప్పాను. మేనేజరు గారు చాలా మర్యాదగా విన్నది.

"నూకరత్నం గారూ, కాయ నిజమైనది. కర్పూరం నిజమైనది. మంత్రం సగం నిజమైనది. యూనిట్ మొత్తం హాజరై చప్పట్లు కొట్టింది. ఒప్పందం ప్రకారం ఇది ముగింపు. రేపు టిఫిన్ తరవాత ఓడ బయలుదేరుతుంది, మీ అందరికీ సీట్లు ఉన్నాయి."

"ఏటి సీను ఇంకా తీయలేదు గదండీ!"

"గుమ్మడికాయ తరవాత మిగిలిన పనిని యంత్రం పూర్తి చేయవచ్చు. ముద్రకు ఇబ్బంది లేదు. ఏటి సీను యంత్రమే చేస్తుంది."

ఇక్కడ నా కడుపు మండింది, మేడమ్. ఏటి సీను నాది. మీకు గుర్తుందో లేదో, ట్రైనీకి కార్డు రావాలంటే ఒక పెద్ద సీను సొంతంగా వెలిగించాలి. కార్డు లేనివాళ్ళని చేత్తో తీసే ఏ సినిమాలోనూ లైటు ముట్టుకోనివ్వరు. దాలినాయుడు మావ నాకు ఏటి సీను ఇచ్చాడు. పాత యూనిట్ మెడలోతు నీళ్ళలో నిలబడి, పోతున్న ఎండని రేకు అద్దాలతో పట్టి పుట్టి పడవ మీదకి కొట్టే సీను. ఈ మొత్తం సినిమాలో లైటింగ్ వాళ్ళు టీ గ్లాసు కింద పెట్టే సీను అదొక్కటే. ఇక్కడ నిజం నీళ్ళు పోస్తే అలలు కొండల్లా లేచి నిద్రపోతున్నట్టు పడతాయి, అందుకని ఏరంటే మనకి నల్ల గుడ్డ. గుడ్డ కింద మనుషులు పాకుతారు. దాన్ని ఏరు చెయ్యాల్సింది లైటు. నెల రోజులుగా ఆ గుడ్డ మీద పడుకుని మరీ చూస్తున్నాను, ఏ వంపులో వెలుగు పెడితే అది తడిగా కనిపిస్తుందో. ఇప్పుడిప్పుడే తడుస్తోంది.

యంత్రం దానికి నిజం నీళ్ళు పెడుతుంది. నేను రేపటి ఓడలో మా పేటకి పోతాను. అక్కడ లైటు పని లేదు, అంతా గోడలే.

5

మొదటి ఉపాయం భీమశంకరం గారిది. కొట్టింది అసలు గుమ్మడికాయే కాదని చెబుదామన్నారు. అందరం క్యాంటీను గోడ ముందు నిలబడ్డాం.

"ఆయ్, మేనేజరు గారండీ, అది సొరకాయండి. ఇక్కడి గాలి పడక కాస్త గుండ్రంగా కాసిందండి."

"భీమశంకరం గారూ, ఈ మధ్యాహ్నం క్యాంటీను బోర్డు మీద 'గుమ్మడికాయ పులుసు' అని మీ చేత్తోనే రాశారు."

నిజమే. ముక్కలు పారెయ్యడానికి మనసొప్పక ఏరుకొచ్చి పులుసు పెట్టారాయన.

"యూనిట్ అంతా తిన్నది. దాలినాయుడు గారు మూడుసార్లు వేయించుకున్నారు. మూడోసారి, 'ఎన్నాళ్ళైనాదో గుమ్మడికాయ తిని' అన్నారు."

నేను మావ వైపు చూశాను.

"బాగున్నాది గదేటి మరి," అన్నాడు మావ నేల చూస్తూ. "బెల్లం కూడా ఏసేడు."

"నువ్వూరుకో మావా."

6

రెండో ఉపాయం మావది. పులుసు పాపం కడుక్కోవాలనుకున్నాడో ఏమో, ఛాతీ విరుచుకుని వచ్చాడు.

"ఒలే నూకా, షూటింగు మొదలెట్టాలంటే ఏటి కొట్టాల?"

"కొబ్బరికాయ."

"మనం కొట్టేమా?"

కొట్టలేదు! చంద్రుడి మీద కొబ్బరిచెట్టేదీ? అందరం ఒక్కసారి కేక పెట్టాం. మావ గోడ దగ్గరికి వెళ్ళి, సంఘంలో ఉపన్యాసం ఇస్తున్నట్టు చెయ్యెత్తి అడిగాడు.

"మేనేజరు గారూ, కొబ్బరికాయ కొట్టని షూటింగు మొదలైనట్టేనా? మొదలవని షూటింగు అయిపోడమేటి? సెప్పండి!"

గెలిచామనుకున్నాం.

"సరైన వాదన, దాలినాయుడు గారూ. షూటింగ్ ప్రారంభం కాలేదు. కనుక ఇంతవరకు మీరెవరూ పని చేయలేదు. మీ అందరి పనిరోజులూ రద్దు చేశాను. పని లేనివారు ఇక్కడ ఉండటానికి వీల్లేదు. ఓడ రేపు టిఫిన్ తరవాతే."

అప్పుడు చూడాలి మేడమ్ మావ మొహం. ఇంత సేపూ షూటింగ్ అయిపోలేదని గోల పెట్టినవాళ్ళం, మరు నిమిషంలో మొదలైంది మహాప్రభో మొదలైంది అని మొత్తుకున్నాం. చివరికి భీమశంకరం గారే ఆదుకున్నారు.

"ముహూర్తం రోజున కొబ్బరిపొడి పొట్లం చింపి అందరి చేతుల్లోనూ పోశానండి. పంచదార కూడా కలిపానండి."

"కొబ్బరి," అన్నది గోడ. "కాయ రూపంలోనే ఉండాలని ఒప్పందంలో లేదు. అంగీకరించాను. పనిరోజులు తిరిగి జమ చేశాను. షూటింగ్ ప్రారంభమైంది." ఒక్క క్షణం ఆగింది. "షూటింగ్ ముగిసింది. అందరికీ అభినందనలు."

మావ వెళ్ళి ఒక మూల కూర్చున్నాడు. తన తండ్రి సమ్మె చేసి తెచ్చుకున్న రూలు ఇలా మెడకి చుట్టుకుంటుందని ఆయన అనుకోలేదు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"నీ అయ్యని తిట్టుకోకు మావా."

"తిట్టుకోటం నేదే. ఆడుంటే ఇప్పుడేటి సేసీవోడా అని ఆలోసిస్తన్నాను."

"ఏటి సేసీవోడు?"

"ముందర గట్టిగా అరిసీవోడు. తరవాత, మనోళ్ళు పన్లో ఏ మాట వాడతారో ఆ మాటతోనే ఆళ్ళని పట్టీవోడు. వకీలు మాటలు మనకెందుకురా అనీవోడు."

7

పనిలో మనం వాడే మాట.

నేను లేచి ఫ్లోరు మీద నాలుగుసార్లు ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగాను. షూటింగ్‌లో రోజంతా వినపడే మాటలు ఏమున్నాయి? లైట్స్. సైలెన్స్. యాక్షన్. కట్. ఓకే. ఓకే కాకపోతే వన్ మోర్.

గోడ దగ్గరికి పరిగెత్తాను. సీసం గుళ్ళు లేని లంగాతో పరిగెత్తడం వల్ల గోడకి తల కూడా కొట్టుకున్నాను.

"మేనేజరు గారూ, ఆ గుమ్మడికాయ షాట్ ఓకే అయిందా అండీ?"

"దర్శకురాలు ఏమీ చెప్పలేదు."

"ఓకే కాని షాట్ లెక్కలోకి వస్తుందా?"

"రాదు. షాట్ ఎన్.జి., అంటే పనికిరానిది, అయితే అందులో జరిగినదేదీ జరగనట్టే."

"అయితే గుమ్మడికాయ కొట్టనట్టే గదండీ!"

"దర్శకురాలు 'వన్ మోర్' అంటే కొట్టనట్టే. మళ్ళీ కొట్టి ఓకే అయ్యేవరకు షూటింగ్ నడుస్తున్నట్టే. రేపు టిఫిన్ గంట వరకు ఆమెకు గడువుంది. ఏమీ చెప్పకపోతే ఓకే అన్నట్టు భావిస్తాను."

రెండు మాటలు, మేడమ్. మా అందరి పనీ మీ నోట్లో ఉన్న రెండు మాటల మీద ఆగింది. రోజుకి వందసార్లు అంటారు మీరు ఆ మాటలు. నేను టీ తాగుతుంటే పదిసార్లు అన్నారు.

మడి దగ్గరికి వెళ్ళి చూశాం. తీగకి ఇంకో పిందె ఉంది, బొటనవేలంత. అది పండేలోపు ఏటి సీను మూడుసార్లు తీయొచ్చు. భీమశంకరం గారు అప్పుడే దాని చుట్టూ వల కట్టి, దగ్గరికొచ్చిన వాళ్ళని గరిటెతో బెదిరిస్తున్నారు.

8

మీ గది తలుపు కొట్టాను. ఇది మీకు తెలుసు. అయినా లాగ్‌లో ఉండాలి.

మీరు తలుపు తీసి మళ్ళీ వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. గోడ మీద ఆ షాటే తిరుగుతోంది. గింజలు లేస్తున్నాయి, దిగుతున్నాయి, మళ్ళీ లేస్తున్నాయి. నేను అరవడానికే వచ్చాను. రెండుసార్లు చూసేసరికి అరుపు మర్చిపోయాను. మీమీద నాకున్న ఇంకో కోపం అది.

"వన్ మోర్ అనండి మేడమ్," అన్నాను.

"మావా మేనకోడళ్ళ గోల అంతా నాకు ఇక్కడికి వినపడింది," అన్నారు మీరు. "కొబ్బరిపొడి బాగుంది."

"నవ్వకండి. అనండి."

"ఆ షాట్ చూశావా నూకరత్నం?"

"చూశాను. భూమ్మీద గుమ్మడికాయ అలా పగలదు. కథ ఏటి ఒడ్డునది. అది తప్పు షాటు."

"తప్పే." మీరు గోడ వైపే చూస్తున్నారు. "నేను ఇలాంటివి ఆరు సినిమాలు తీశాను. అన్నీ ఎవరో ఎప్పుడో పడ్డ అవస్థని మళ్ళీ పడటమే. వాళ్ళు ఆకాశం చూశారని మేమూ చూడటం. ఈ ఒక్క షాట్ మాత్రం ఇంతకుముందు ఎవరూ తీయలేదు. ఇక్కడ తప్ప ఎక్కడా రాదు. ఇన్నేళ్ళకి నేను తీసిన సినిమా ఇది, ఈ తొమ్మిది సెకన్లు. దీన్ని పనికిరాదని నా నోటితో ఎలా అననూ?"

నాకు తెలిసిందే చెప్పాను.

"మీకు తొమ్మిది సెకన్లయినా వచ్చాయి. నా ఏరు నేనింకా తీయనే లేదు."

మీరు నా వైపు చూశారు. ఈ ఫ్లోరుకి వచ్చాక మీరు నన్ను టీ గ్లాసు లేకుండా చూడటం అదే మొదటిసారి అనుకుంటాను.

"వన్ మోర్ అంటే ఇంకో కాయ పండేదాకా కంపెనీ మనందరినీ మోయాలి," అన్నారు. "నాకు ఇంకో సినిమా ఇవ్వరు. తెలుసా నీకు?"

"ఇవ్వకపోవచ్చు. ఇస్తారని నేను అబద్ధం చెప్పను."

"నువ్వు అబద్ధం చెప్తే బాగుండేది," అన్నారు నవ్వి. ఆలోచిస్తానని చెప్పి తలుపు వేసుకున్నారు.

9

మీ గది నుంచి వచ్చాక మేనేజరు గారిని ఇంకో రెండు విషయాలు అడిగాను. అవి మీరు అడిగి ఉండరు, ఎందుకంటే మీరు దానికి "గారు" పెట్టరు.

మొదటిది: షాట్ ఓకే అయితే దాన్ని ఏం చేస్తారు?

"గుమ్మడికాయ తరవాత సవరణలు యంత్రం చేస్తుంది. ముక్కలు పైకి లేవడం భూమి సహజత్వానికి విరుద్ధం. గింజలు వెంటనే నేల మీద పడేలా సరిచేస్తాను. కుంకుమ కూడా."

"ఎంత సేపు పడుతుంది?"

"ఇప్పటికే సిద్ధంగా ఉంది. చూస్తారా?"

చూపించింది. మేడమ్, కాయ పగిలింది, దబ్బున ముక్కలు పడ్డాయి, అయిపోయింది. రెండు సెకన్లు. ఎవరి కాయైనా అలాగే పగులుతుంది. చూస్తున్నవాళ్ళెవరూ చప్పట్లు కొట్టలేదు. భీమశంకరం గారు మాత్రం, "ఆయ్, ఇదేదో మా అత్తారింట్లో కొట్టినట్టుందండి" అన్నారు.

రెండోది: షాట్ ఎన్.జి. అయితే దాన్ని ఏం చేస్తారు?

"ఎన్.జి. సినిమాలో భాగం కాదు. కంపెనీ దాన్ని వాడదు, సరిచేయదు, చెరపదు. యూనిట్ దగ్గర ఉంటుంది."

నాకు అర్థమైంది ఇది. మీరు నోరు మూసుకుని కూర్చుంటే ఆ షాట్ ఓకే అవుతుంది. ఓకే అయితే మీ గింజలు ఎగరవు. కింద భూమ్మీదకి వెళ్ళేది మీ పేరుతో ఆ రెండు సెకన్ల దబ్బు. మీరు దాచుకుంటున్నాననుకుంటున్నది రేపటికి ఉండదు. పనికిరాదని అంటేనే అది ఉన్నది ఉన్నట్టు మిగులుతుంది. సినిమాలో ఉండదు, నిజమే. క్యాంటీను గోడ మీద ఉంటుంది. మేం చూస్తాం. ఇంకెవరూ చూడకపోయినా ఆ చప్పట్లు కొట్టినవాళ్ళం మేమే కదా.

మీ మీద జాలిపడి ఇది రాయడం లేదు. నాకు నా ఏరు కావాలి. మీ తొమ్మిది సెకన్లూ నా ఏరూ ఒకే వైపున ఉన్నాయని తెలిసింది కాబట్టి చెప్తున్నాను.

10

ఇది రాసేసరికి ఫ్లోరు ఎలా ఉందో కూడా రాస్తాను, డ్యూటీ లాగ్ కదా.

ఎవరూ సామాను సర్దలేదు. గుమ్మడికాయ కొట్టాక లైటు ఎత్తకూడదు కదా మావా అని అడిగితే, "కొట్టేమని ఎవడన్నాడు? మేడమ్ ఓకే అనీదాకా అది కాయి కాదు, పులుసు" అన్నాడు దాలినాయుడు మావ. నల్ల గుడ్డ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరిచాం. గుడ్డ కింద పాకేవాళ్ళు పాకి చూస్తున్నారు, ఒకడికి తుమ్ము వస్తే ఏట్లో సుడిగుండం లేచింది. అది ఉంచెయ్యమన్నాను. రేకు అద్దాలు నా లెక్క ప్రకారం నిలబెట్టాం. కప్పు మీద తెర సగం లాగి ఉంది, పొద్దు వాలినట్టు. ఇందాక మావ ఒడ్డున నిలబడి చాలా సేపు చూసి, పంచె మోకాళ్ళ పైకి ఎత్తుకున్నాడు.

"ఏటి మావా, అలగ ఎత్తీసేవు?"

"తడిసిపోద్దేమోనని," అన్నాడు. అని తనే ఉలిక్కిపడి పంచె వదిలేశాడు.

అందరం మా మా చోట్లలో ఉన్నాం. ఒక చోటు ఖాళీగా ఉంది. కెమెరా పక్కన కుర్చీ.

నేను అడుగుతున్నది ఒక్కటే. ఆ కుర్చీ దగ్గరికి రండి. గోడకీ మాకూ వినపడేలా "వన్ మోర్" అనండి. తల ఊపితే చాలదు, మేనేజరు గారు తలలు చూడదు. గడువు రేపటి టిఫిన్ గంట. గంట కొట్టేవరకు మేం ఏట్లోనే ఉంటాం. ఆలోపు మీ జవాబు రావాలి.

నూకరత్నం,
లైటింగ్, వెన్నెలపేట ఫ్లోరు